ఆకుపచ్చ స్టిక్కరు

ఫిబ్రవరి 3, సోమవారం

నువ్వు అబద్ధాలకోరువి.

ఐదు రోజులు వేసుకోమని డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు నువ్వు ఏనాడైనా ఐదు రోజులూ వేసుకున్నావా? మూడో రోజుకి జ్వరం దిగింది. నాలుగో రోజు మరిచిపోయావు. ఐదో రోజు మిగిలిన అట్టను బల్ల సొరుగులో పడేశావు. ఇప్పటికీ అక్కడే ఉంటుంది, వెళ్లి చూసుకో. అలాంటి నువ్వు నన్ను నిలబెట్టి అడుగుతావు: రోజుకొకటి చొప్పున, చచ్చేదాకా, ఒక్క రోజైనా తప్పకుండా ఎందుకు వేసుకోలేవు అని. అడిగి ఊరుకోవు. సీసా తెమ్మంటావు. మూత తీసి నీలం పళ్లెంలో బోర్లిస్తావు. పుల్లతో రెండేసి చొప్పున పక్కకు తోస్తూ లెక్కపెడతావు. లెక్క కుదిరితే కార్డు మీద ఆకుపచ్చ స్టిక్కరు. కొంచెం తేడా వస్తే పసుపు. ఇంకా వస్తే ఎరుపు.

ఇంతకీ ఈ నువ్వు ఎవరో నాకే తెలీదు. ఎవరూ చదవని పుస్తకంలో ఎవణ్ణి తిడుతున్నాను? ముప్ఫై ఏళ్లు కరపత్రాలు రాసిన చెయ్యి ఇది. ఎదురుగా ఒకణ్ణి నిలబెట్టుకోనిదే వాక్యం నడవదు.

ఈ పుస్తకం కూడా మందుల కేంద్రం వాళ్లదే. పేజీకో తేదీ. అడుగున ఒక గడి: ‘ఈరోజు మాత్ర వేసుకున్నారా? అవును / కాదు.’ హెచ్‌ఐవీ రోగులందరికీ వచ్చే నెల నుంచి పంచుతారట. రోగుల ప్రతినిధిని కాబట్టి ముందుగా నాకు రెండు ఇచ్చి వాడి చూడమన్నారు. ఒకదాంట్లో మూడు నెలల గడులు ఒకేసారి కూర్చుని గీసేశాను, అన్నీ అవునే. అది కౌన్సెలర్ మేడంకి. ఇది నాకు.

నన్ను ప్రతినిధిగా ఎందుకు ఎన్నుకున్నారో తెలుసా? నా కార్డు మీద ఏడాదిగా అన్నీ ఆకుపచ్చ స్టిక్కర్లే కాబట్టి. స్టిక్కర్లు తీసెయ్యమని కొట్లాడేవాణ్ణి స్టిక్కర్లు చూసి ఎన్నుకున్నారు. పైగా నా భార్య ఆ కార్డుని మురిసిపోతూ లామినేట్ చేసింది. ఇంటి ముందు గదిలో ఆమెకు జిరాక్స్, టైపింగ్, లామినేషన్ షాపుంది. ఈ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమె చేతికి దొరికిన ఏ కాగితమూ ప్లాస్టిక్ తొడుక్కోకుండా బయటపడలేదు. “ఇప్పుడు కొత్త స్టిక్కరు ఎక్కడ అంటించమంటారండీ?” అని మేడం తల పట్టుకుంది. ప్లాస్టిక్ మీదే అంటించింది.

గడి: అవును.

ఫిబ్రవరి 4

గడి: అవును.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పెయింటర్ వచ్చాడు. మా రోగుల సంఘంలో నాకంటే చిన్నవాడు, నాకంటే నాలుగేళ్లు వెనక మందు మొదలుపెట్టినవాడు. షాపు మెట్ల మీద కూర్చున్నాం. లోపల జిరాక్స్ మిషన్ రొద.

“మళ్లీ ఎర్రదే అంటించారన్నా.”

“ఎన్ని మిగిలాయి?”

“పాతవీ కలిపి నాలుగు.”

“నాలుగూ పట్టుకెళ్లి చూపించావా?”

“మిగిలినవి తెమ్మన్నారుగా. తీసుకెళ్లాను.”

ఎర్ర స్టిక్కరు పడితే మూడు నెలల మందు ఇవ్వరు, పదిహేను రోజులకే ఇస్తారు. అంటే నెలకి రెండు రోజులు పని మానుకుని వరసలో నిలబడాలి. ఆ వరసలోనూ చివర. ఈసారి మళ్లీ మానితే ఇంకొకణ్ణి చూసుకుంటానని మేస్త్రీ అన్నాడట. మందు సరిగ్గా వేసుకోలేనివాడికి మందు దొరకడం ఇంకా కష్టం చేసిన మేధావి ఎవడో నాకు చూడాలని ఉంది. దండ వెయ్యాలి.

“వెళ్లేముందు మిగిలినవి తీసి ఎక్కడైనా పెట్టు” అన్నాను, గొంతు తగ్గించి.

“ఎక్కడ పెట్టను? జేబులోనా? మా ఇంటావిడ జేబులు తడమకుండా చొక్కా తడపదు.”

“అయితే పారెయ్.”

వాడు నన్ను అదోలా చూశాడు. “మందు పారెయ్యమంటావా? నువ్వేనా అనేది? ఈ మందు కోసమే కదన్నా వానలో నన్ను ధర్నాకి ఈడ్చుకెళ్లావు. రెండు రోజులు జలుబు నాకు.”

“పారెయ్యమంటే పారెయ్యమని కాదు.”

“మరి?”

నా భార్య కాగితాల కట్టతో గుమ్మంలోకి వచ్చింది. “ఏంటి గుసగుసలు? మైకు గుసగుసలాడుతోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.” సంఘంలో అందరూ నన్ను మైకన్న అంటారు. ఆ పేరు పెట్టింది ఆమే.

“మీ ఆయన నాకు చదువు చెప్తున్నాడొదినా” అన్నాడు పెయింటర్.

“జాగ్రత్త. ఆయన చదువు చెప్పినవాళ్లంతా పరీక్ష తప్పారు.”

నవ్వాం. ముగ్గురం.

గడి: అవును.

ఫిబ్రవరి 8

గడి: అవును.

ఫిబ్రవరి 13, గురువారం

మార్చి 5న కేంద్రం సలహా కమిటీ సమావేశం. స్టిక్కర్ల పద్ధతిని ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అన్నది తేలుస్తారు. వ్యాసం రాయాలి. కాపీలు పంచాలి. మొదలుపెట్టాను.

వాళ్లకు అర్థం కానిది కాలం. మొదటి ఏడాది ఎవడూ తప్పడు. చావు వాసన ఇంకా ముక్కులో ఉంటుంది. నేను మూడు అలారాలు పెట్టుకునేవాణ్ణి. ఒకటి మాత్రకి, ఒకటి వేసుకున్నానా లేదా చూసుకోవడానికి, ఒకటి ఆ రెండూ మోగాయా అని. రెండో ఏటి నుంచి ఐదో ఏటి దాకా పళ్లు తోముకోవడం లాగా అలవాటు. అప్పటికి ఒళ్లు బాగుపడుతుంది. బరువు పెరుగుతాడు. పెళ్లి కూడా చేసుకుంటాడు. ఏడో ఏటికి అసలు కష్టం వస్తుంది. ఆ కష్టం పేరు ఆరోగ్యం. ఏ నొప్పీ లేనివాడు, ఏ నొప్పి కోసం మందు వేసుకుంటున్నాడో రోజూ ఉదయం గుర్తు చేసుకోవాలి.

ఊళ్లు తిరుగుతాను. సభ అయ్యాక కార్యకర్త ఇంట్లో పడక. ఒకే గదిలో నలుగురం. సీసా తీస్తే గలగలమంటుంది, “ఏం మందన్నా అది?” అని నలుగురూ అడుగుతారు. వేదిక మీద దాపరికం వద్దని గంట మాట్లాడినవాణ్ణి, ‘గ్యాస్ మాత్ర’ అని చెప్పడం ఇష్టం లేక సంచిలోనే ఉంచేస్తాను. మర్నాడు ఏమీ కాదు. ఏమీ కాకపోవడం ఉంది చూశారూ, దాని రుచే మరుగుతాం.

వ్యాసంలో ‘రోగి’ అని మార్చాలి, ‘నేను’ అని పడింది.

నాకు పెద్దగా మిగలవు. నెలకి ఒకటో, రెండో. స్టిక్కర్లు వచ్చినప్పటి నుంచి వాటిని చందాల డబ్బాలో వేస్తున్నాను. పాత ఉద్యమం నాటి రేకు డబ్బా, మూత మీద చీలిక, పక్కన ‘మీ వంతు వేయండి’ అని చెరిగిపోయిన అక్షరాలు. పుస్తకాల వెనక ఉంటుంది. మందు కోసం ధర్నా చేసినవాణ్ణి, మందుని చెత్తలో వెయ్యలేను. ఎన్ని ఉంటాయి లోపల? మహా అయితే ఇరవై.

మొదట్లో వేస్తే టక్కుమనేది. ఈమధ్య చప్పుడు రావడం లేదు.

గడి: అవును.

ఫిబ్రవరి 16, ఆదివారం

షాపు తియ్యలేదు. మధ్యాహ్నం నుంచి ఇద్దరమే. ఫోన్లు పక్కన పెట్టేశాం. నాలుగింటికి ఆమె నా భుజం మీద తల పెట్టుకుని, “ఇన్ని రోజులకి నా మొగుడు ఇంట్లో దొరికాడు” అంది.

మూడేళ్ల కిందట పాత డాక్టరుగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. వైరస్ పరీక్షకు అందనంత తక్కువలో ఉన్నంతకాలం నా నుంచి ఆమెకు సోకదు, ఇక కండోమ్ వాడినా వాడకపోయినా మీ ఇష్టం అని. ‘ఉన్నంతకాలం’ అన్న మాటను రెండుసార్లు అన్నారు. బయటికొచ్చి మెట్ల మీద ఏడ్చింది ఆమె. సంతోషంతో. నేను ఎప్పుడూ ఏడ్వను.

గడి: అవును.

ఫిబ్రవరి 18, మంగళవారం. మధ్యాహ్నం

మూడు నెలలకోసారి వెళ్లే రోజు. తొంభై మాత్రలు ఇస్తారు, ఎనభై నాలుగో రోజు రమ్మంటారు. కాబట్టి సీసాలో ఆరు మిగలాలి. ఆరు తీసుకెళ్లాను. కిందటిసారి ఏడు తీసుకెళ్లాను, ప్రతిసారీ ఆరే ఉంటే అనుమానం వస్తుందని. ఒకటి తేడాకి ఆకుపచ్చ పోదు. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో.

కౌన్సెలర్ మేడం బోర్లించింది. రెండు, నాలుగు, ఆరు. “చూడండి, ఈ సార్‌ని చూసి నేర్చుకోండి” అంది, వరసలో ఉన్నవాళ్లకి వినపడేలా. ఆకుపచ్చది అంటించింది. అంటించి, “డాక్టరుగారు మిమ్మల్ని లోపలికి రమ్మన్నారు” అంది.

కొత్త డాక్టరమ్మ. వచ్చి ఆరు నెలలు కాలేదు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కనే పెట్టింది.

“మాత్రల లెక్క చూస్తే వందకి వంద. జనవరిలో తీసిన రక్తం చూస్తే వైరస్ పదమూడు వేల నాలుగు వందలు. రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం చెప్తోంది.”

“రక్తం అబద్ధం చెప్పదంటారు, అంతేగా.”

“అనను. మిమ్మల్ని అడుగుతున్నాను. తప్పాయా? నేను తిట్టను.”

తలుపు దగ్గర మేడం నిలబడి ఉంది. నా కార్డు ఆమె చేతిలో మెరుస్తోంది, మా షాపు ప్లాస్టిక్‌తో.

“లేదండీ.”

“ఒక్కటి కూడా?”

“ఒక్కటి కూడా.”

రాసుకుంది. మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం తీస్తుందట. అప్పుడూ ఇలాగే ఉంటే ఈ మందు పని చెయ్యడం మానేసినట్టే, తర్వాతి మందుకి మార్చాలి. దాని తర్వాత మిగిలేవి చాలా తక్కువ.

“ఇంట్లో జాగ్రత్తలు తీసుకుంటున్నారా?”

“తీసుకుంటున్నాం.”

“ప్రతిసారీ?”

“ప్రతిసారీ.”

“ఎందుకడుగుతున్నానంటే, ఈ మూడు రోజుల్లో ఏదైనా జరిగి ఉంటే ఆవిడకి నివారణ మందు మొదలుపెట్టచ్చు. ఇరవై ఎనిమిది రోజులు. డెబ్భై రెండు గంటలు దాటితే ఇక ఇవ్వం, లాభం ఉండదు. ఏమైనా ఉందా?”

“లేదు” అన్నాను.

ఆదివారం నాలుగు నుంచి బుధవారం నాలుగు. బస్సులో లెక్కపెట్టాను. ఇంకా ఇరవై ఎనిమిది గంటలున్నాయి.

ఫిబ్రవరి 18. సాయంత్రం

ల్యాబులో సీసాలు తారుమారై ఉంటాయి. రోజుకి మూడు వందల సీసాలు చూసే చోట ఇద్దరే ఉద్యోగులని నేనే రెండేళ్ల కింద రాశాను. రుజువులతో రాశాను. ఫిర్యాదు పెట్టాలి.

తప్పుడు రిపోర్టు చూసి ఆమెకి ఇరవై ఎనిమిది రోజుల మందు ఎందుకు? వాంతులు, నీరసం. షాపు ఎవరు చూస్తారు? ముందు రిపోర్టు సంగతి తేలనీ.

“ఏమన్నారు?” అంది.

“ఆకుపచ్చ” అన్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

ఉదయం తొమ్మిది. మాత్ర వేసుకున్నాను. అవును. ఇంకా ఏడు గంటలు.

పదకొండు. వ్యాసం ఆమెకిచ్చాను టైపు చెయ్యమని. ఎప్పటిలాగే నేను చెప్పడం, ఆమె కొట్టడం. ఆమె వేళ్లు నా నోటికంటే ముందుంటాయి, వాక్యం ఎటు వెళ్తుందో ఆమెకి తెలుసు. ‘రోగి అబద్ధం ఆడడు. ఆడిస్తారు’ అన్న చోట ఆగింది.

“ఎవరు ఆడారు అబద్ధం?”

“అందరూ. ఈ పద్ధతిలో అందరి చేతా ఆడిస్తారు. నిజం చెప్పినవాడికి ఎర్ర స్టిక్కరు, పదిహేను రోజుల మందు. చెప్పనివాడికి చప్పట్లు.”

“అంటే పెయింటర్ నిజం చెప్పాడు. అబద్ధం చెప్పిందెవరు?”

“ఒకరని కాదు.”

“అందరి గురించి రాసేటప్పుడు నీకు మాటలు భలే వస్తాయి” అని మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. ఎగతాళి కాదు. ఎప్పుడూ అనే మాటే. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. “కామా” అన్నాను.

రెండున్నర. షాపులో జనం. పరీక్షల కాలం, అందరికీ జిరాక్సులే. జనం ముందు ఎలా చెప్తాను?

మూడు ఇరవై. జనం లేరు. కేంద్రానికి ఆటోలో పావుగంట. ఆమె కాగితాలు సర్దుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమె రాగం తీస్తున్నప్పుడు నేనెప్పుడూ మాట్లాడను.

మూడూ యాభై. ఒకతను ఆధార్ కాపీకి వచ్చాడు.

నాలుగు.

నాలుగూ పది. సరే. ఇక తొందర లేదు.

ఫిబ్రవరి 20

అవును.

ఫిబ్రవరి 21

అవును. తొమ్మిదికి. చేతిలో పెట్టుకుని కాసేపు చూశాను.

ఫిబ్రవరి 22, శనివారం

దగ్గు అని చెప్పి షాపులో చాప వేసుకుంటున్నాను. నమ్మకం కలగడానికి అప్పుడప్పుడు దగ్గుతున్నాను. ఆమె రెండుసార్లు వేడినీళ్లు తెచ్చిచ్చింది. నిజంగా దగ్గొస్తే బాగుండును.

ఫిర్యాదు రాశాను. ల్యాబు నిర్లక్ష్యం మీద, నాలుగు పేజీలు. బాగా వచ్చింది. చించేశాను.

అవును.

ఫిబ్రవరి 24

నాలుగు గంటలవుతుంటే గడియారం వైపు చూడలేకపోతున్నాను. రోజూ నాలుగవుతుంది.

అవును.

ఫిబ్రవరి 26, బుధవారం

పెయింటర్ బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వచ్చాడు, మొహం నిండా నవ్వు.

“వదినా! అన్నా! నా వైరస్ కనపడటం లేదట! మిషన్‌కే దొరకలేదట!”

“అయ్యో, ఎర్రకార్డువాడా! ఎలా సాధించావు?” అంది ఆమె.

“కొత్త నర్సొకామె వచ్చింది. మూడు నెలల కింద, నవంబర్‌లో. మాత్రలు ఎందుకు మిగిలాయి అని అడిగింది. ఇన్నేళ్లలో ఎన్ని మిగిలాయి అని అడిగినవాళ్లే కానీ ఎందుకు అని అడిగినవాళ్లు లేరొదినా. పొద్దున వేసుకుంటే తల తిరుగుతుంది, నాలుగంతస్తుల పరంజా ఎక్కాలి, పడితే ఎవరిది బాధ్యత అన్నాను. ఓస్ ఇంతేనా, పని దిగాక వేసుకో అంది. అంతే! పాత అలవాటుకొద్దీ నెలలో ఒకటో రెండో పోతున్నాయి కానీ, ఆ మిగిలినవి చూసి మేడం ఎర్రది అంటిస్తూనే ఉంది. అంటించుకోనీ. నా రక్తం బాగుంది.”

ఆమె ప్యాకెట్ విప్పి అందరికీ పెట్టింది. నాకు రెండు. “నీ రిపోర్టు ఎప్పుడొస్తుందట?”

“ఇంకా రాలేదు.”

“రాకపోవడమేంటన్నా?” అన్నాడు పెయింటర్, నోట్లో బిస్కెట్‌తో. “జనవరిలో నీకూ నాకూ ఒకే రోజు, ఒకే కుర్చీలో తీశారుగా. నువ్వు సూది చూడలేక గోడవైపు తిరిగావు. ఆ రోజువన్నీ పోయిన వారమే వచ్చేశాయట.”

నేను బిస్కెట్ నమిలాను. చాలాసేపు నమిలాను.

వాడు వెళ్లాక ఆమె షట్టర్ సగానికి దించింది. పట్టపగలు ఆమె షట్టర్ దించడం నేనెప్పుడూ చూడలేదు.

“చెప్పు.”

“ఏం చెప్పను?”

“ఎంత?”

“పదమూడు వేల నాలుగు వందలు.”

“ఎప్పుడు తెలిసింది?”

“పోయిన మంగళవారం.”

కుర్చీలో కూర్చుంది. కీబోర్డు మీద చేతులు పెట్టుకుంది, కొట్టడానికి కాదు, పెట్టుకోవడానికి. “దాని ముందు ఆదివారం” అంది.

“అవును.”

“అంతకుముందు మూడేళ్ల సంగతి పక్కన పెట్టు. ఎప్పటి నుంచి తప్పుతున్నావో నీకే తెలియాలి. మంగళవారమే చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని?”

చెప్పాను. ఇరవై ఎనిమిది రోజులు. డెబ్భై రెండు గంటలు. ఇంత చిన్న వాక్యాలు నేను జీవితంలో మాట్లాడలేదు.

“ఎప్పటిదాకా టైముండేది?”

“బుధవారం నాలుగు.”

“బుధవారం నేనేం చేస్తున్నాను?”

“టైపు.”

“ఏం టైపు?”

ఆమే చెప్పింది. “రోగి అబద్ధం ఆడడు, ఆడిస్తారు. ఫుల్‌స్టాపులు కూడా నేనే పెట్టాను.”

అప్పుడు మొదలుపెట్టాను నేను. స్టిక్కర్ల గురించి. మేడం తలుపు దగ్గర నిలబడటం గురించి. నలుగురు పడుకునే గదుల గురించి. అన్నీ నిజాలే. ఒక్క అబద్ధం లేదు. ఆమె విన్నది. అంతా అయ్యాక, అడక్కుండానే, అసలు మాట నా నోట్లోంచి జారింది.

“మాత్ర వేసుకోని రోజు నేను రోగిని కాదనిపిస్తుంది.”

“నువ్వు వేసుకోని రోజు నేను రోగినవుతానని అనిపించలేదా?”

ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. గట్టిగా మాట్లాడేవాళ్లకి జవాబు చెప్పడం నాకొచ్చు.

“పెళ్లికి ముందు అక్క అడిగింది, తెలిసి తెలిసి ఎందుకే అని. మాత్ర వేసుకుంటాడక్కా, మాట మీద నిలబడే మనిషి అన్నాను” అని లేచి, షట్టర్ పైకెత్తింది. ఎవరో లామినేషన్‌కి వచ్చారు.

ఫిబ్రవరి 27, గురువారం

పరీక్షకి ఒక్కతే వెళ్లింది, పొద్దున్నే. వస్తానన్నాను. “షాపు చూడు” అంది.

లామినేషన్ మిషన్ నాకు రాదు. ఒకమ్మాయి సర్టిఫికెట్ మూల మడత పడిపోయింది. “ఆంటీ లేరా?” అని పదిసార్లు అడిగింది. ఎవరికి ఏం చెప్పానో గుర్తు లేదు. గంటలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం ఆ పూటకి మానేశాను.

ఒంటిగంటకి వచ్చింది. చెప్పులు విడిచింది. కాళ్లు కడుక్కుంది. మడత పడ్డ సర్టిఫికెట్ చూసి, “ఇదేంటి ఇలా చేశావు?” అంది.

“ఏమన్నారు?”

“ఇప్పటికి లేదన్నారు.”

నేను గోడకి ఆనుకున్నాను.

“ఇప్పటికి” అంది మళ్లీ. “ఇంత తొందరగా తెలియకపోవచ్చట. మే 27న ఇంకోసారి చూస్తారు. అప్పుడు చెప్తారు. నీ సంగతి కూడా చెప్పాను డాక్టరమ్మకి, తప్పాయని. ఆవిడ తిట్టలేదు. హమ్మయ్య అంది. మందు చెడిపోలేదు కాబోలు, మనిషే వేసుకోలేదు, అయితే ఇదే మందు సరిగ్గా వేసుకుంటే సరిపోతుందేమో చూద్దాం అంది. నీ కోసం సంతోషపడింది ఆవిడ.”

మే 27. ఎనభై తొమ్మిది రోజులు.

అవును.

ఫిబ్రవరి 28, శుక్రవారం

“మిగిలినవి ఏం చేశావు?” అంది. పుస్తకాల వెనక నుంచి డబ్బా తీసి ఇచ్చాను. ‘మీ వంతు వేయండి’ చదివి, నా మొహం చూసింది. మూత రాలేదు, తుప్పు పట్టింది. అట్ట కోసే కత్తెరతో రేకు చించింది. జిరాక్స్ మిషన్ అద్దం మీద బోర్లించింది.

ఇరవై అని రాశాను కదా పైన. ఈ పుస్తకంలోనే, నాకు నేనే.

ఆమె నీలం పళ్లెం లేకుండా, పుల్ల లేకుండా, వేలితో లెక్కపెట్టింది. నేను నిలబడి చూశాను. నూట అరవై మూడు.

మార్చి 1

ఫిబ్రవరి 4, కాదు. 7, కాదు. 8, కాదు. 13, కాదు. 16, కాదు.

16, కాదు.

మార్చి 2, ఆదివారం

షాపు తియ్యలేదు. ఆమె టైపింగ్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టబోయింది. నాకు టైపు రాదని గుర్తొచ్చి, “పోనీ ఆ పుస్తకంలోనే రాయి” అంది. ఈ పుస్తకం సంగతి ఆమెకి తెలుసు. చదవలేదట. చదవదట. “ఇన్నేళ్లు నువ్వు చెప్పావు, నేను కొట్టాను. ఈసారి నేను చెప్తా, నువ్వు రాయి. నంబర్లేసి రాయి. డిమాండ్లు రాయడం నీకు కొత్తా?”

“‘దయచేసి’ అని మొదలుపెట్టనా?”

“ఎవరి దయ?”

ఒకటో దాంట్లో మాట మార్చబోయాను, ఇంకా బాగుంటుందని. “నేను చెప్పినట్టు రాయి” అంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

1. మాత్ర రోజూ వేసుకోవాలి. నేను లెక్కపెట్టను. నేను నీ కౌన్సెలర్ని కాదు.

2. మరిచిపోతే ఆ రోజే చెప్పాలి. తిట్టనని హామీ ఇవ్వను. అయినా చెప్పాలి.

3. నేను రమ్మనేదాకా నా దగ్గరకి రాకూడదు. రమ్మన్నా కండోమ్ లేకుండా రాకూడదు. ఎప్పటిదాకా అని అడగకూడదు.

4. దగ్గు నాటకం ఆపాలి. షాపులో పడుకుంటే షాపులో పడుకుంటున్నానని చెప్పి పడుకోవాలి.

5. మే 27న నేనే వెళ్తాను. నువ్వు గేటు బయట కూర్చోవచ్చు. లోపలికి వచ్చి డాక్టరుతో వాదించకూడదు.

6. బుధవారం కమిటీలో ఆకుపచ్చ కార్డు, చించిన డబ్బా, నూట అరవై మూడు మాత్రలు బల్ల మీద పెట్టాలి. ‘రోగులు’ అనకూడదు. ‘నేను’ అనాలి.

7. స్టిక్కర్లు తీసెయ్యాలి. ఎన్ని మిగిలాయి అని కాదు, ఎందుకు మిగిలాయి అని అడగాలి. పెయింటర్‌కి మూడు నెలల మందు ఇవ్వాలి. ఇది నీ డిమాండే, నాది కూడా.

8. ఆ వ్యాసంలో నేను కొట్టిన ఆ వాక్యం తీసెయ్యాలి.

9. ఆదివారం నాలుగు నుంచి బుధవారం నాలుగు దాకా ఏం చేశావో, ఏమనుకున్నావో, గంట గంటకీ, మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి నాకు చెప్పాలి. కాగితం చూడకుండా.